అవ్వకు అడ్డం తీయొద్దు

కంటి డాక్టరు మంచివాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పోయిన చూపు రాదు, ఉన్నది మెల్లగా తగ్గుతుంది, జాగ్రత్తగా ఉండాలి అన్నాడు. ఆ చివరి మాట నాతో అనలేదు, నా పక్కన కూర్చున్న కోడలితో అన్నాడు. ఇంటికి రాగానే ఆమె జాగ్రత్త మొదలుపెట్టింది. నా గదిలోంచి స్టూలు పోయింది, టీపాయి పోయింది, మూలనున్న బియ్యం డబ్బా పోయింది. మర్నాడు పొద్దున మంచం దిగి చేయి చాపితే ఏదీ తగల్లేదు. ఇన్నేళ్ళుగా పడుకుంటున్న గదిలో తలుపెటుందో తెలియక నిలబడిపోయాను. కోపం రావలసింది, నవ్వొచ్చింది. "ఏమైందత్తమ్మా?" అంటూ కోడలు పరుగెత్తుకొచ్చింది. "మా అవ్వ యాదికొచ్చింది" అన్నాను. ఆమె నా నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూసింది.

అవ్వంటే మా అమ్మను కన్నతల్లి. ఆమె ఊరు మోత్కూరుకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. ఊరి వెనక సీతాఫలం చెట్లు కమ్ముకున్న గుట్ట ఉండేది. మా అమ్మానాయినలు ఆలేరులో, స్టేషను దగ్గర కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళు. చెల్లెలు పుట్టగానే నన్ను తెచ్చి అవ్వ దగ్గర వదిలారు. "ముసలిదానికి తోడుంటది" అంది అమ్మ. "నాకు తోడెందుకే? పోరికే నేను తోడుంట" అంది అవ్వ. ఇద్దరూ నన్నడగలేదు కాబట్టి నేను ఏమీ అనలేదు.

అవ్వకు నడివయసులోనే రెండు కళ్ళలోనూ పువ్వులు పడ్డాయట. ఎవరో ఆకుపసరు పోశారు, ఉన్న కాస్త వెలుతురు కూడా పోయింది. తాత అంతకుముందే పోయాడు. పిల్లలిద్దరినీ పెంచి పెళ్ళిళ్ళు చేసి, ఆ ఇంట్లో ఒక బర్రెతో, ఇప్పుడు నాతో, తన మానాన తాను బతికేది. జొన్నలు విసిరేది, రొట్టె కొట్టేది, పాలు పితికేది, ఇల్లు అలికేది. రొట్టె అంచు ఎప్పుడు తిప్పాలో వాసన చూసి తిప్పేది. కాలిన జొన్న వాసనా, చింతకాయ తొక్కులో వేసిన పోపు వాసనా తగిలితే ఇప్పటికీ నా నోట్లో నీళ్ళూరుతాయి.

నాకు మాత్రం మొదటి నుంచీ ఒకటే అనుమానం. అవ్వకు నిజంగానే కనబడదా, లేక మమ్మల్నందరినీ ఆటపట్టిస్తున్నదా? ఎంత ఆలోచించినా తేలక, పరీక్ష పెట్టాలని నిర్ణయించాను. ఒకనాటి పొద్దున అవ్వ లోపల కూర్చుని చింతపండు పిక్కలు తీస్తుంటే, పిల్లిలా వచ్చి దర్వాజలో నిలబడ్డాను. ఊపిరి కూడా బిగబట్టాను.

"ఎందుకే గట్ల నిలవడ్డవు? లోపలికన్న రా, బయటికన్న పో" అంది తలెత్తకుండానే.

"నీకెట్ల తెలిసింది అవ్వా?"

"నా మొకం మీద ఎండ పడుతుండె. నువ్వచ్చి మింగినవు."

ఆ జవాబుతో నా అనుమానం తీరలేదు, పెరిగింది. ఎండ మొహం మీద పడితే తెలుస్తుందా? ఆ రోజంతా వాకిట్లో కళ్ళు మూసుకుని ఎండలోకీ నీడలోకీ నడిచాను. తెలుస్తుంది. ఇంతకాలం నేనే గమనించలేదు.

రెండో పరీక్ష ఇంకొంచెం దుర్మార్గమైనది. ఉప్పు కుండా కారం కుండా తారుమారు చేసి పెట్టాను. అవ్వ వంటకు కూర్చుంది, కుండలో చెయ్యి పెట్టబోయి ఆగింది. కాసేపటికి నా ముందు జొన్న గటకా పచ్చిపులుసూ పెట్టి, తన గిన్నె తను పెట్టుకుంది. నా పులుసులో ఉప్పు లేదు. ఒక్క రవ్వ లేదు. అవ్వ మాత్రం లొట్టలు వేసుకుంటూ తింటున్నది.

"అవ్వా, ఉప్పు లేదు."

"లేదా? గుడ్డిదాన్ని గద బిడ్డా, ఉప్పెటువోయిందో కనవడలే" అని తన పులుసు ఇంకొక గుక్క తాగింది. తన గిన్నెలో ఉప్పుందని నేను వేలు ముంచి చూశాకనే తెలిసింది. ఆ వేలి మీద ఒక దెబ్బ కూడా పడింది.

ఇక లాభం లేదని, ఒక రోజంతా నేనే అవ్వనై చూద్దామనుకున్నాను. కళ్ళకు గుడ్డ కట్టుకున్నాను. ఇంట్లోంచి వాకిట్లోకి బాగానే వచ్చాను. ఇంత సులువా అని గర్వపడేలోపు బర్రె కోసం నేలలో పాతిపెట్టిన కుడితి గోలెంలో ఒక కాలు మోకాలిదాకా దిగబడింది. పులిసిన కుడితి, తవుడు, నిన్నటి గంజి, అన్నీ లంగాకు పట్టుకున్నాయి. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. బర్రె కూడా నవ్వుతున్నట్టే నాకనిపించింది.

"నువ్వు కండ్లు కట్టుకున్నవు సరే. ముక్కెందుకు కట్టుకున్నవు? అంత దూరంకెళ్ళి కుడితి వాసనొస్తలేదా?"

నన్ను కడిగి, గుడ్డ మళ్ళీ కట్టి, చెయ్యి పట్టుకుని తన తోవ చూపించింది. దర్వాజ దిగగానే కుడి తుంటికి రోలు తగలాలి. రోలు అంచు పట్టుకుని అటు తిరిగితే కుడితి వాసన ఎదురొస్తుంది. వాసనను ఎడమకు పెట్టుకుని పోతే బర్రెను కట్టే గుంజ. గుంజ దాటితే పిడకల కుప్ప, దాని పక్కన ఎప్పుడూ కొంచెం వెచ్చగా ఉంటుంది. అక్కడి నుంచి కంపచెట్ల దడి చీర కొంగు పట్టుకుని లాగుతుంది, అంటే వీధి వచ్చినట్టు. నేను అడ్డం అనుకున్నవన్నీ అవ్వకు తోవ. "నీ అసొంటోళ్ళకు ఖాళీ జాగుంటే తోవ. నాకు ఖాళీ జాగుంటే బాయి" అంది. ఆ సాయంత్రం నేను గుడ్డ కట్టుకునే దడి దాకా పోయి వచ్చాను. వచ్చి అవ్వను అడగని ప్రశ్న లేదు. కలలో నీకు కనబడుతుందా? నా మొహం ఎట్లుంటుందనుకుంటున్నవు? చీకటంటే నల్లగానే ఉంటదా? కొన్నిటికి చెప్పింది, కొన్నిటికి "తెల్వది, రేపు సూసి చెప్త" అంది.

అవి ఊళ్ళో మాటలు మెల్లగా మాట్లాడుకునే రోజులు. దొరల మీద తిరగబడిన సంగంవాళ్ళు గుట్టల్లో ఉన్నారనేవాళ్ళు. దొరగారి గడీకి ఊళ్ళోవాళ్ళు వెట్టికి పోవడం మానేశారు. నిజాం తరఫున లారీల మీద తుపాకులతో తిరిగేవాళ్ళను పేరు పెట్టి పిలవడానికి కూడా జనం భయపడేవాళ్ళు. 'వాళ్ళు' అంటే చాలు, వీధి ఖాళీ అయ్యేది. ఒక మధ్యాహ్నం ఎవరో ఇద్దరు దుమ్ముకాళ్ళతో వచ్చి అవ్వ పెట్టిన రొట్టెలు తిని నీళ్ళు తాగి పోయారు. వాళ్ళెవరో అవ్వ అడగలేదు, నన్ను అడగనివ్వలేదు.

మర్నాడే 'వాళ్ళు' వచ్చారు. ముందున్నవాడు వాకిట్లో నిలబడి, నిన్న నీ ఇంటికెవరొచ్చారు, ఎవరిని చూశావు అని గద్దించాడు.

"నేనెవ్వర్ని సూడలే దొరా. ఏ దేవుని మీద ఒట్టు పెట్టమంటే ఆ దేవుని మీద పెడత" అంది అవ్వ రెండు చేతులూ జోడించి.

వాడు దగ్గరికొచ్చి అవ్వ కళ్ళ ముందు చెయ్యి ఆడించాడు. తెల్లటి పువ్వుల్ని చూశాడు. ఏదో గొణిగి వెళ్ళిపోయాడు. అవ్వ బూట్ల చప్పుడు వీధి చివరికి పోయేదాకా విని, "ఒక బూటు కిర్రుమంటాంది. జర నూనె రాసుకొమ్మని చెప్పకపోతిమి" అంది. నేను భయంలోనే నవ్వాను. ఆమె చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి.

వానలు పడే కాలంలో వాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి లారీల శబ్దం దూరం నుంచే వినబడింది. ఊరంతా గుట్ట ఎక్కింది. అవ్వ నా భుజం పట్టుకోలేదు, నేనే ఆమె కొంగు పట్టుకుని ఎక్కాను. పైనుంచి అందరూ ఊరి వైపు చూస్తున్నారు.

"ఏం కనవడుతాంది బిడ్డా?"

"పొగ."

"ఏ దిక్కు?"

"అన్ని దిక్కుల అవ్వా."

అవ్వ కింద కూర్చుని, నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

మామ, అంటే అవ్వ కొడుకు, మోత్కూరులో ధాన్యం కొట్టు దగ్గర పనిచేసేవాడు. కబురు తెలిసి బండి కట్టుకొచ్చి మమ్మల్ని తీసుకుపోయాడు, బర్రె మాత్రం దొరకలేదు. మామా అత్తా ఇద్దరూ మంచివాళ్ళే, ఆ మాట చెప్పకపోతే పాపం. గాలి వచ్చే మూల చూసి అవ్వకు మంచం వేశారు. నీళ్ళు చేతికి, రొట్టె చేతికి. లేవబోతే అత్త పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకునేది. అవ్వ విసురుతానంటే వద్దన్నారు, పొయ్యి దగ్గర కూర్చుంటానంటే అమ్మో అన్నారు. వచ్చినవాళ్ళందరూ మంచం పక్కన నిలబడి, ఆమెకు చెవులు కూడా లేనట్టు, "పాపం, ముసలామె" అని పోయేవాళ్ళు. నాతో పరాచికాలాడటం కూడా తగ్గించేసింది. ఒకరోజు నేను దర్వాజలో ఊపిరి బిగబట్టి నిలబడితే ఏమీ అనలేదు. దగ్గరికి పోయాను.

"తెల్వలేదా అవ్వా?"

"తెలిసింది. చెప్పబుద్ధి కాలే." గోడ వైపు తిరిగి అంది, "మోత్కూరుకొచ్చినంకనే నేను గుడ్డిదాన్నయిన బిడ్డా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. కుడితిలో పడినప్పుడు కూడా ఏడవనిదాన్ని.

తర్వాత మిలట్రీ వచ్చిందన్నారు. నిజాం లొంగిపోయాడన్నారు. వీధుల్లో జెండాలు, పప్పుబెల్లాలు. అదే మోత్కూరులో నిన్నటిదాకా తెరిచి ఉన్న కొన్ని సాయిబుల ఇళ్ళ తలుపులు ఇప్పుడు భయంతో మూసుకున్నాయి. ఆ సంగతి కూడా అవ్వే ముందు కనిపెట్టింది, ఆ వైపు నుంచి దూదేకే చప్పుడు ఆగిపోయిందని. తోవలు కాస్త కుదుటపడగానే ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"కొడుకా, నేను మనూరికి పోత."

"ఇల్లేడుందే అమ్మా? కప్పు కాలింది. మొండిగోడలే మిగిలినయి."

"గోడలుంటె కప్పెంతసేపు?"

మామ ఎన్ని చెప్పినా వినలేదు. అన్నం మానేసి కూర్చుంది. చివరికి మామ దిగొచ్చాడు, కానీ ఒక షరతు పెట్టాడు. "దీపావళి దాంక సూస్త. ఒక్కసారి పడ్డవని తెలిసినా బండి కట్టుకొస్త. గప్పుడు మారు మాట్లాడొద్దు, జీవితమంత ఈడనే ఉండాలె." అవ్వ సరేనంది. గెలిచినదానిలా అంది గానీ, నా వేళ్ళను గట్టిగా పట్టుకుంది.

మామ ముందుగా పోయి ఇల్లు బాగు చేయించాడు. తాటికమ్మల కప్పు వేయించాడు. కాలిన ఇంటికి పాత దర్వాజ అచ్చిరాదని పెద్దమనుషులు చెప్తే, తూర్పు దర్వాజ మూయించి ఉత్తరం వైపు కొట్టించాడు. అంతటితో ఊరుకోలేదు. తల్లి కాలికి ఏదీ తగలకూడదని వాకిలంతా శుభ్రం చేయించాడు. రోలు ఇంటి వెనక్కి దొర్లించారు. పగిలిన గోలెం పీకి గుంతలో మన్ను పోశారు. గుంజ తీసేశారు. కాలిన దడి లాగేశారు. వాకిలి ఎంత నున్నగా ఉందంటే, చూసినవాళ్ళందరూ కొడుకంటే ఇట్లుండాలి అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. అమ్మ మీద ఎంత ప్రేమ ఉంటే అంత ఊడ్పించాడు.

అవ్వ బండి దిగింది. మామ చేత్తో పట్టి లోపలికి తీసుకుపోయాడు. ఆమె గోడను నిమిరింది, మసి వాసన చూసింది, సంతోషంగా తిరిగి తూర్పు వైపు నడిచి, దర్వాజ ఉండాల్సిన చోట ముక్కుతో గోడను గుద్దుకుంది. మామ అదిరిపడ్డాడు.

"పడలేదుర. తాకిన" అంది అవ్వ ముక్కు రుద్దుకుంటూ. "తాకుడు నీ షరతుల లేదు."

మామ వెళ్ళిపోయాక వాకిట్లోకి దిగింది. తుంటికి రోలు తగలలేదు. ఇంకొంచెం జరిగింది. వాసన లేదు. ఇటు తిరిగింది, అటు తిరిగింది. అప్పుడు రెండు చేతులూ ముందుకు చాపింది. అవ్వ అట్లా చేతులు చాపడం నేనెన్నడూ చూడలేదు. గుట్ట మీద పొగ చూసినప్పుడు కూడా నాకంత భయం వేయలేదు.

"బిడ్డా, నేనేడున్న?" అంది.

నేను జవాబు చెప్పేలోపే ఇంకో అడుగు వేసింది. గోలెం తీసిన గుంతలో మన్ను ఇంకా గట్టిపడలేదు, వానకు నాని ఉంది. కాలు దిగబడి బోర్లా పడింది. పరుగెత్తి పోయి లేపాను. మోచేయి చెక్కుకుపోయింది, మొహం నిండా బురద.

"ఎవలన్న సూసిండ్రా?"

"లేదు."

"నువ్వు?"

"నేను సూసిన అవ్వా."

"నేనైతే సూడలే" అంది.

ఇద్దరం ఆ బురదలోనే కూర్చుని నవ్వాం. ఆమె నవ్వు ముందుగా ఆగింది. "గీ వాకిలి నాకు కావాలె బిడ్డా. మళ్ళ గా మంచంలకు పోతే నేను బతుకను" అంది.

మర్నాటి నుంచి మా పని మొదలైంది. అవ్వ చీర గోచి పోసుకుని, మోకాళ్ళ మీద వాకిలంతా తిరిగింది. ప్రతి గుంతనూ ప్రతి మిట్టనూ అరచేత్తో తడిమింది. "ఓయబ్బ, గీడ రాయుంది సూడవే! ఇన్నేండ్లు తొక్కుతనే ఉన్న, దీని సంగతే తెల్వదు" అని ఆశ్చర్యపోయేది. కొత్త ఊరికి వచ్చిన చిన్నపిల్ల ఉత్సాహం ఆమెలో కనబడింది. పక్కింటామెనూ ఆమె కొడుకులనూ పిలిచి రోలును కొత్త దర్వాజ పక్కకు దొర్లించాం. పగిలిన గోలెం పెద్దపెంకు తెచ్చి బోర్లించాం. గుంజ పాతాం. కాలిన దూలం ఒకటి మిగిలితే, దాన్ని గుంజ నుంచి వీధి దాకా అడ్డంగా పడేయమంది. దానికి తట్టుకుని కూడా ఒకసారి పడింది. లేచి, దూలాన్ని కాలితో ఒక తన్ను తన్ని, కొంచెం ఇటు జరిపించింది.

గుట్ట మీద సీతాఫలాలు పక్వానికి వచ్చాయి. ఊరంతా సగం కడుపు వాటితోనే నింపుకున్నది. అవ్వ వేళ్ళతో తడిమి, కన్ను విచ్చిన కాయల్ని ఏరి గడ్డిలో మాగబెట్టేది. ఇంటి నిండా మసి వాసనా పండ్ల వాసనా కలిసిపోయాయి. గింజలు ఉమ్మి దూరం కొట్టే పందెంలో నన్ను ఓడించేది. నా గింజ ఎక్కడ పడిందో చప్పుడును బట్టి చెప్పేది కాబట్టి దొంగాట సాగేది కాదు.

దీపావళి వచ్చింది. మామ బండి తోలుకొచ్చాడు. బండిలో పరుపు పరిచి ఉండటం నేను చూశాను. మామ దిగి, గబగబా వాకిట్లోకి వచ్చి, రోలుకు కాలి బొటనవేలు కొట్టుకుని, పట్టుకుని కూర్చున్నాడు.

"ఏందే ఇదంత? నేను తీయించినయన్ని మళ్ళొచ్చినయేంది?" అని అరిచాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "పిల్లా, నిజం చెప్పు. అవ్వ పడ్డదా?"

లేదంటే అబద్ధం, అవునంటే అవ్వ బండెక్కాలి.

"దాన్నెందుకు అడుగుతవు?" అంటూ అవ్వ దర్వాజలోకి వచ్చింది. రోలు అంచు తాకి, పెంకు పక్కనుంచి తిరిగి, ఎక్కడా తడబడకుండా వచ్చి మామ ముందు నిలబడింది. "నన్నడుగు. పడ్డ. ఒక్కసారి కాదు, మస్తుసార్లు పడ్డ."

"మరి మాటంటె మాటే గదమ్మా. బండెక్కు."

"ఎక్కుత. ఒక్క ముచ్చట చెప్పు, ఎక్కుత." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు నడక నేర్సింది గీ వాకిట్లనే. దినాం పడ్డవు. మూతి పగిలింది, మోకాళ్ళు పగిలినయి. గప్పుడు నాకు కండ్లుండె, అంత సూసిన. పడుతున్నవని నిన్ను ఎత్తుకొనే ఉన్ననారా?"

మామ తల వంచుకున్నాడు. తర్వాత లేచి కుంటుతూ బండి దగ్గరికి పోయాడు. పరుపు సర్దుతాడనుకున్నాను. ఎడ్లను విప్పాడు. వాటిని తెచ్చి మేము పాతిన గుంజకు కట్టేసి, "ఆకలైతాందే అమ్మా" అన్నాడు. అవ్వ పొయ్యి దగ్గరికి నడిచింది. కళ్ళు తుడుచుకున్నది మామే.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నన్ను ఆలేరు తీసుకుపోయారు. అవ్వ ఆ ఇంట్లోనే, తన పొయ్యి తానే ముట్టించుకుంటూ, చివరిదాకా ఉంది. మామ నెలనెలా వచ్చేవాడు. వస్తే "తిన్నవా అమ్మా?" అని అడిగేవాడట, పడ్డవా అని మాత్రం మళ్ళీ ఎన్నడూ అడగలేదట. పడే ఉంటుంది. లేపడానికి అక్కడ నేను లేను, ఇంకెవరూ లేరు. తానే లేచి ఉంటుంది. కోడల్ని పిలిచి, నా స్టూలు దాని చోటుకు తెచ్చిపెట్టమనాలి.